పొగచూరిన రెక్కలు

గుంజేటి అడవి నిండా వెదురు పొదలు, పూల తీగలు. అక్కడ తుమ్మెదలు, పేడపురుగులు, మిడతలు, చీమలు కాపురముండేవి. వాటిలో కాటుక, మెరుపు అనే రెండు తుమ్మెదలు ఒకే ఎండుకొమ్మను తొలుచుకుని ఇరుగుపొరుగున ఉండేవి.

తొలకరి పడేలోగా కొమ్మలో తొలిచిన గదుల్లో పుప్పొడి ముద్దలు పేర్చి, వాటి మీద గుడ్లు పెట్టి మూసెయ్యాలి. ఆలస్యమైతే ఆ ఏడు పిల్లలు లేనట్టే.

ఒకరోజు రెండూ ఏటి ఒడ్డున ఓ కొత్త తీగ పూలలో తేనె తాగాయి. కాసేపటికే రెక్కలు బరువెక్కాయి. పడుతూ లేస్తూ పేడపురుగు బామ్మ దగ్గరికి చేరాయి.

"అది విషపు తీగే తల్లీ," అంది బామ్మ. "మన రెక్కల కండలో కంటికి కనిపించని గదులు బోలెడు. ఒక్కో గదిలో వందల చిట్టి పొయ్యిలు. వాటి సెగతోనే ఎగురుతాం. ఇప్పుడు కొన్ని చెడి పొగ చిమ్ముతున్నాయి. ఆ పొగ పక్క పొయ్యిల్నీ పాడుచేస్తుంది."

"మరెలా బామ్మా?" అడిగింది కాటుక.

"ఆ గదులకే తెలుసు. చెడిన పొయ్యిని విడదీసి, కూల్చేసి, ఆ మట్టితోనే కొత్తది వేసుకుంటాయి. అందాకా చిన్న మంట మీద నెట్టుకొస్తాయి. మీరు మూడు రోజులు కదలకుండా కూర్చోండి, చాలు."

"వాన ముంచుకొస్తుంటే మూడు రోజులా!" మెరుపు పకపకా నవ్వింది. "నా రెక్కల మోత అడవంతా వింటుంది. ఈ నీరసం ఎగిరితే అదే పోతుంది. ముందు ముద్దలు పేరుస్తా, మూతలు చివర్లో వేస్తా."

కాటుక కొమ్మలో ముడుచుకుంది. మొదటిరోజు పక్కింట్లో మూడు ముద్దలు చేరాయి, రెండోరోజుకి ఆరు. తన ఇంట్లో ఒక్కటీ లేదు. పాపం, దానికి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, కానీ కదల్లేదు.

మూడోరోజు పక్కింటి మోత ఆగిపోయింది. ఏటి మీద ఎగురుతుండగా రెక్కలు చచ్చుబడి మెరుపు నీళ్ళలో పడింది. ఓ ఆకు పట్టుకుని ఒడ్డెక్కింది గానీ ఇక ఎగరలేకపోయింది. ఇంటికి పాక్కుంటూ వచ్చేసరికి తెరిచి ఉన్న గదుల్లో చీమలు దూరి, ముద్దలూ గుడ్లూ ఊడ్చుకుపోయాయి.

నాలుగోరోజు కాటుక భయంభయంగా రెక్క విప్పింది. హాయిగా లేచింది! ఇక ఊపిరి సలపకుండా పనిచేసి, ఒక్కో గదీ నింపి వెంటనే మూసేసింది. అయిదో గది మూస్తుండగా తొలకరి మొదలైంది.

చీమలు దూరిన ఇంట్లో ఉండలేక మెరుపు బయట తడుస్తూ కూర్చుంది. "లోపలికి రావే, చోటుంది," అని పిలిచింది కాటుక.

మెరుపు వచ్చి, మూసిన గది గోడకు తల ఆనించి కూర్చుంది.

నీతి: పాడైనచోట ఆగి బాగుచేసుకోవడం వెనకబడటం కాదు.