గవర్రాజు భోజనం

డాక్టర్ కృపానందం గారు శిష్యులు అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. విని, తల ఊపి, తన పని చూసుకునేవారు. జవాబు ఎప్పుడో ఏ రోగి దగ్గరో దొరికేది. ఒక్కోసారి దొరికేదే కాదు. పుర్రె అడుగున పుట్టే కణితుల వైద్యం నేర్చుకోవడానికి ఆయన దగ్గర చేరిన నస్రీన్‌కు ఈ పద్ధతి రెండేళ్లయినా అలవాటు కాలేదు.

ఆ వారం వాళ్లిద్దరూ రత్తమ్మకు ఆపరేషన్ చేశారు. ఆమె వీధుల్లో ఆకుకూరలు అమ్మే మనిషి. కుడిచెవిలో ఎప్పుడూ గుండె కొట్టుకుంటున్నట్టు ఉంటుందని చెబితే కొందరు చెవిలో చుక్కలు వేశారు, కొందరు బెంగ అన్నారు. కృపానందం గారు ఆమె చెవి వెనక స్టెతస్కోపు ఆనించి, కాసేపు విని, నస్రీన్‌కు అందించారు. ఆ చప్పుడు నస్రీన్‌కూ వినిపించింది. స్కాన్ తీయిస్తే, పుర్రెలోంచి మెడలోకి నరాలు దిగే సందులో రక్తనాళాలతో నిండిన కణితి కనిపించింది. అలాంటివి ఏడాదికి ఒకటి రెండు కూడా రావు.

ఆపరేషన్ పది గంటలు పట్టింది. చివరికి, గొంతుకు వెళ్లే నరాన్ని అంటుకుని శనగగింజంత ముక్క మిగిలింది. నస్రీన్ దాని మీదికి చెయ్యి చాచింది. "ఇక చాలు" అన్నారు గురువుగారు.

నస్రీన్ మూడు రోజులు ఓపిక పట్టింది. నాలుగో రోజు అడిగేసింది. "సార్, అది వచ్చేసేది. తెలిసి తెలిసి ఎందుకు వదిలేశాం? రేపు పెరిగితే ఆవిడకు ఏమని చెబుతాం?"

ఆయన తల ఊపారు. ఆరు నెలలకోసారి స్కాన్ తీయాలని, పెరిగితే రేడియేషన్ ఇవ్వాలని కేసు షీట్లో రాసి వెళ్లిపోయారు.

మర్నాడు గవర్రాజు వచ్చాడు. తుని దగ్గర పెళ్లిళ్లకు వంట చేసే మనిషి, అరవై దాటాయి. పదకొండేళ్ల కిందట ఇలాంటి కణితికే కృపానందం గారి చేత ఆపరేషన్ చేయించుకున్నాడు. ఏటా పరీక్షకు వచ్చినప్పుడల్లా వార్డంతటికీ పులిహోర తెస్తాడు. గురువుగారు నస్రీన్‌ను పిలిచి, తనకు ఓపీ ఉందనీ, ఇవాళ గవర్రాజు గారికి తోడుగా ఆమె భోంచెయ్యాలనీ చెప్పారు.

పులిహోర అద్భుతంగా ఉంది. ఆమె పళ్లెం పది నిమిషాల్లో ఖాళీ అయింది. గవర్రాజు తన డబ్బాలోంచి మెత్తగా మెదిపిన పెరుగన్నం తీసుకున్నాడు. గడ్డం ఛాతీకి ఆనించి, తల ఎడమపక్కకు తిప్పి ఒక చెంచా మింగాడు. ఆగి, ఉత్తినే మళ్లీ మింగాడు. గొంతు సవరించుకుని రెండో చెంచా అందుకున్నాడు.

మధ్యమధ్య గుసగుసలాంటి గొంతుతో కబుర్లు చెప్పాడు. ఆపరేషన్‌లో గొంతు పోయాక గరిటెతో గుండిగ మీద కొట్టి సహాయకులను పిలుస్తున్నాడట. ఒక దెబ్బ కొడితే ఒకడు, రెండు కొడితే ఇంకొకడు. పంక్తిలో కూర్చోవడం మాత్రం మానేశాడట, పక్కవాళ్లు కంగారు పడుతున్నారని.

"మంచినీళ్లేనండి కాస్త ఇబ్బంది. గటగటా తాగి పదకొండేళ్లయింది. అయినా మా డాక్టరుగారు ప్రాణం పోశారండి, మనవరాలి పెళ్లికి నేనే వండాను" అని నవ్వాడు. ఆ నవ్వులో ఏ లోటూ లేదు. నస్రీన్ ఇంకాస్త వడ్డించుకుని, ఒక్కో మెతుకే నములుతూ కూర్చుంది. గవర్రాజు భోజనం ముగిసేసరికి గంటా పది నిమిషాలైంది.

ఓపీకి వెళ్తూ ఆమె వార్డులోకి తొంగిచూసింది. రత్తమ్మ గ్లాసెడు మజ్జిగ ఎత్తిన గ్లాసు దించకుండా తాగేసి, ఉప్పు తక్కువైందని నర్సుతో పేచీ పెట్టుకుంటోంది. ఆ గొంతు వరండా చివరిదాకా వినబడుతోంది.

ఓపీలో గురువుగారు గవర్రాజు కొత్త స్కాన్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తున్నారు. ఎలా ఉందని అడిగింది.

"చాలా శుభ్రంగా ఉందమ్మా" అన్నారాయన, ఫిల్మును కవరులో పెడుతూ. "ఆ రోజు నేను మొత్తం తీసేశాను."