నక్క మామ మోసిన గుర్రపుడెక్క

పాత బ్యాటరీలు కరిగించే కార్ఖానా దిగువన ఒక చెరువుంది. నీళ్లు పైకి తేటగానే ఉంటాయి, లోపల మాత్రం సీసం. ఆ నీళ్లు తాగిన గేదె నూకాలుకు కిందటేడు దూడ దక్కలేదు. ఇప్పుడు మళ్లీ చూడితో ఉంది. ఇదీ పోతే తాను బతకనని తాబేలవ్వ దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది.

అవ్వ చెరువు నిండా గుర్రపుడెక్క వేయించింది. దాని వేళ్లు సీసాన్ని లాక్కుంటాయని చెప్పి, ఒక్క సంగతి మాత్రం అందరిచేతా మూడుసార్లు అనిపించింది.

"మొక్క విషాన్ని మింగుతుందే గానీ అరిగించుకోదు. ఏపుగా ఎదగ్గానే పీకి, గుట్ట అవతల బంకమట్టి మెత్తిన గోతిలో పూడ్చాలి. ఎవరూ తినకూడదు, నీళ్ల పక్కన పడేయకూడదు."

మోసే పనికి నక్క మామ ఒప్పుకున్నాడు, బాతులు పొలంగట్ల పీతలు తెచ్చి కడుపునిండా పెడితేనే. మొదటి రోజు గుట్ట దాకా వెళ్లాడు. రెండో రోజు ఎండ మాడ్చేసింది. దారిలోనే తన బొరియ, పక్కనే వాగు, వాగు గట్టున పొదల చాటున ఒక గుంట. తనంతటి తెలివైనవాడు గుట్ట ఎక్కడమేమిటనిపించింది. ఆ రోజు నుంచి మోపులన్నీ ఆ గుంటలోనే గుమ్మరించి, కాసేపు కునుకు తీసి, రొప్పుతూ వచ్చేవాడు. నడుం పట్టేసిందని మూలిగితే బాతులు జాలిపడి ఇంకో రెండు పీతలు వేసేవి.

నెలలు గడిచాయి. చెరువు తేరుకుంది. నూకాలు ఈనింది. దూడ గంటకల్లా లేచి తల్లి పొదుగు కుమ్ముతుంటే, అవ్వ సంతోషంతో దాని చుట్టూ తిరిగింది.

ఆ సంబరానికి నక్క మామ రాలేదు. మూడోనాడు కడుపు పట్టుకుని, కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చాడు. ఏ ఆకు నమిలినా నొప్పి తగ్గడం లేదట.

అవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. "ఇది సీసం జబ్బు. నువ్వు తాగేది వాగు నీళ్లు కదా మామా, అందులోకి సీసం ఎలా వచ్చింది?"

నక్క గొంతు సవరించుకున్నాడు. "గాలి మోసుకొచ్చి ఉంటుంది."

"అయితే పీతలు గాలికే పెట్టాల్సింది" అంది అవ్వ.

బాతులు పడీపడీ నవ్వాయి. గుట్టు బయటపడిన మామ గుంటలో కుళ్లినదంతా తవ్వి గుట్ట అవతలికి మోశాడు. వాగు మడుగులో కొత్త మొక్కలు వేసి, పెరిగాక వాటినీ మోశాడు. ఈసారి ప్రతి మోపు వెంటా నూకాలు గోతి దాకా నడిచింది. పీతలు లేవు.

నీతి: విషం కంటికి కనబడకుండా దాస్తే పోదు, చేర్చాల్సిన చోటికి చేరిస్తేనే పోతుంది.