కుండీ ఒల్లని మొక్క

విజయనగరంలో హరికథ నేర్పే కామేశ్వరమ్మగారికి ఒక అలవాటుండేది. శిష్యులెవరైనా చిక్కు ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పేవారు కాదు. చేతికేదో పని అప్పగించేవారు. అడిగినవాళ్ళు లోపల్లోపల విసుక్కుంటూనే ఆ పని చేసేవారు. పని ముగిసేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి నడుంనొప్పి దక్కేది.

ఒకనాటి ఉదయం అప్పలనర్సమ్మ వచ్చింది. పగలంతా మిషను మీద జాకెట్లు కుట్టుకుంటూ, ఆ చప్పుడులోనే పదాలు అల్లుకుంటూ, శబరి కథను సొంతంగా కట్టుకున్న మనిషి. కట్టడానికి ఏళ్ళు పట్టింది. ఊళ్ళోని కళాపరిషత్తువారు తమ వార్షికోత్సవంలో ఆ కథ పెట్టిస్తామన్నారు. అంత పెద్ద వేదిక ఆమెకదే మొదలు. తీరా ఆమె ఒప్పుకున్నాక మెలిక పెట్టారు. కథ అరగంటలో తేల్చెయ్యాలి, మృదంగం బదులు రికార్డు పెట్టాలి, చుట్టూ అమ్మాయిలు గెంతుతూ ఉండాలి. అప్పుడే నిండుగా ఉంటుందట. సరేనంటే ఆమె, కాదంటే ఇంకొకరు. ఏ సంగతీ సాయంత్రంలోగా ఫోను చేసి చెప్పమన్నారు.

"ఒక్కసారికి తగ్గితే ఏటవుద్దమ్మగారూ? పేరంటూ వచ్చాక మన కథ మళ్ళీ మనలాగే చెప్పుకోవచ్చు కదా" అంది నర్సమ్మ. అడగడమైతే అడిగింది గాని, ఆమెకు కావలసింది జవాబు కాదు, అనుమతి. లోకంలో జనం అడిగే ప్రశ్నల్లో సగం ఇలాంటివే.

కామేశ్వరమ్మగారు తల తిప్పలేదు. తూర్పు కిటికీ దగ్గర తన చిట్టి ఆర్కిడ్ల మీద వాననీళ్ళు చిలకరిస్తున్నారు. ఇవి దుకాణాల్లో అమ్మే పొడుగాటి ఆర్కిడ్లు కావు. మొక్క మొక్కంతా బొటనవేలి గోరు మీద కూర్చుంటుంది. ఒక్కొక్కదాన్నీ అరచేతంత చెట్టుబెరడుకి దారంతో కట్టి, తీగకు వేలాడదీశారు. మట్టి లేదు, కుండీ లేదు. చూడవచ్చినవాళ్ళు చెట్టు రసం పీల్చి బతికే బదనిక అనుకుని మొహం చిట్లించేవారు. "అది చెట్టును పట్టుకుంటుందంతే, తినదు" అని చెప్పీ చెప్పీ ఆవిడకు విసుగెత్తింది. వాటిలో ఒకటి, స్నేహితురాలు తన మొక్కలోంచి విడదీసి ఇచ్చినది, ఏళ్ళ తరబడి మొండికేసి ఈ ఏడే మొదటిసారి పూసింది.

"పూలప్రదర్శనవాళ్ళు దానికోసం వస్తామన్నారు. కుండీలో లేనిదాన్ని పోటీకి పెట్టరట. వాళ్ళే కుండీ పంపించారు, అదిగో. అందులోకి మార్చు" అన్నారావిడ.

నర్సమ్మకు ఒళ్ళు మండింది. తన బతుకు సంగతి అడిగితే మొక్కలు నాటమంటారా? అయినా కొంగు దోపుకుంది. చేస్తే పని సరిగ్గా చేసే రకం. పెరట్లోకి వెళ్ళి ఎర్రమట్టి, మాగిన పేడ ఎరువు, గుప్పెడు ఇసుక తెచ్చి, మల్లెమొక్కకు కలిపినట్టు ముద్దుగా కలిపి కుండీ నింపింది. తర్వాత బెరడు ఒళ్ళో పెట్టుకుని దారం కోసింది. దారం ఊడింది, మొక్క ఊడలేదు. వేళ్ళు బెరడులోని ప్రతి గాడిలోకీ దిగి, తెల్లగా అతుక్కుపోయి ఉన్నాయి. గోరు దూర్చి లేపబోతే ఒక వేరు పుటుక్కున తెగింది. కత్తిమొనతో ప్రయత్నిస్తే ఇంకోటి తెగింది, దాంతో ఒక మొగ్గ రాలింది.

ఆమె ఆగిపోయింది. మేకుకు వేలాడుతున్న భూతద్దం తీసి చూసింది. పువ్వు నువ్వుగింజంత ఉంది. ఆ నువ్వుగింజలోనే రేకులున్నాయి, రేకుల మీద ఊదా చారలున్నాయి, మధ్యలో పసుపుపచ్చని నాలుక ఉంది. ఏదీ కుదించినట్టు లేదు. నర్సమ్మ భూతద్దం దించింది.

"బెరడే దీనికిల్లు గదా అమ్మగారూ. లాగితే చస్తాది."

"ఒక్కరోజుకే కదే. ప్రదర్శన అయ్యాక మళ్ళీ బెరడుకే కట్టేద్దాం."

"ఊడపెరికిన వేళ్ళు మళ్ళీ అంటుకుంటాయేటి?"

"నన్నడిగితే నాకేం తెలుసు? నీ చేతిలో ఉన్నాయిగా వేళ్ళు."

గురువు ఒక్క పాదం పూటంతా పాడమంటే పూటంతా పాడిన మనిషి నర్సమ్మ. ఆవిడ మాటకు ఎదురుచెప్పడమన్నది ఎన్నడూ ఎరగదు. కత్తి కింద పెట్టేసింది.

"చెయ్యనమ్మగారూ."

"చేతకాదా?"

"చేతనవును. చెయ్యను."

అంతలో ప్రదర్శన సంఘం పెద్ద పట్టాభిరామయ్యగారు రానే వచ్చారు. మట్టి నిండిన కుండీనీ, నర్సమ్మ ఒళ్ళో ఉన్న బెరడునీ చూసి నవ్వారు. "బెరడుతో సహా కుండీలో దింపేయండమ్మా. పక్కన నాలుగు పెద్ద పూలు గుచ్చితే నిండుగా కనిపిస్తుంది" అన్నారు.

ఆ మాటకు నర్సమ్మ చివాల్న లేచింది. "నిండుగానే ఉందండీ. వొంగి చూడండి" అని భూతద్దం ఆయన చేతికివ్వబోయింది. ఆయన అందుకోలేదు.

"వచ్చే జనం అంతగా వంగరమ్మా."

"వొంగనోళ్ళకి కనబడదు. అది దాని తప్పు కాదు."

"అయితే పోటీలో ఉండదు మరి."

"ఉండకపోతే మానె. కిటికీలో ఉంటాది."

పట్టాభిరామయ్యగారు ఇంటావిడ కేసి చూశారు, శిష్యురాలిని కసురుతారేమోనని. ఆవిడ బెరడును తన చేతిలోకి తీసుకుని, తెగిన వేళ్ళ చివర చిటికెడు పసుపు అద్దుతున్నారు, అక్కడ ఇంకెవరూ లేనట్టు. ఆయన కుండీలోని మట్టి అరుగు మీద గుమ్మరించి, కుండీ చంకన పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక గాని నర్సమ్మకు తను చేసిందేమిటో తట్టలేదు. గురువుగారింట్లో, గురువుగారి మొక్క గురించి, గురువుగారిని అడగకుండా తీర్పు చెప్పేసింది. అమ్మగారి ఏళ్ళ కష్టానికి రాబోయిన మెప్పును తన నోటి దురుసుతో గుమ్మంలోంచే తిప్పి పంపింది. భయం వేసింది. కాని ఆ మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు.

కామేశ్వరమ్మగారు బెరడును మళ్ళీ తీగకు తగిలించి, పువ్వు వెలుగువైపు తిరిగేలా సర్ది, చేతులు తుడుచుకున్నారు.

"ఆ కళాపరిషత్తాయనకి నీ ఫోనులోంచే చేస్తావా, నాది తెమ్మంటావా?" అన్నారు.