పాదాల మీద గుడ్డు

మా వంట మేస్త్రి గవరయ్య గారికి ఒక అలవాటు. ఎవరేం అడిగినా వెంటనే నోటితో జవాబు చెప్పరు. చేతికో పని అప్పగిస్తారు. వయసులో ఉండగా మన శాస్త్రవేత్తల బృందానికి వంటవాడిగా అంటార్కిటికా వెళ్లి, ఏడాదిపాటు ఆ మంచులో అన్నం వండి వచ్చిన మనిషి ఆయన. తర్వాత ఊళ్లో ఆయన నడిపిన వంట జట్టులో నేను కూరలు తరిగేవాణ్ణి కాబట్టి, ఇప్పుడు చెప్పేది కళ్లారా చూసిన సంగతే.

ఆయన శిష్యుల్లో ఎర్నాయుడని ఒకడు. వాడి భార్య సుగుణకు నర్సు శిక్షణలో సీటొచ్చింది. మూడు నెలలు విశాఖలో ఉండాలి. చెప్పిన రోజు పొద్దున్నే చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. ఇంట్లో చూస్తే తొమ్మిది నెలల పాప. వెళ్లడానికి వీల్లేదన్నాడు నాయుడు. అన్నాడే గానీ మనసు కుదురుగా లేదు. ఆ చేరాల్సిన రోజుకి ముందురోజు, విజయనగరంలో ఒక విందు వంట దగ్గర, పొయ్యి రాజేస్తూ అడిగేశాడు.

"గురువుగారూ, మీరే సెప్పండి. పసిపిల్లని సాకడం మగోడి పనేటి?"

మేస్త్రి గరిటె పక్కన పెట్టారు. "చెప్పులు విప్పరా," అన్నారు. బుట్టలోంచి ఒక కోడిగుడ్డు తీసి, వాడి పాదాలు రెండూ దగ్గర చేర్చి, వాటి మీద పెట్టారు. "నేలకి తగలకూడదు. ఆ నీళ్ల డ్రమ్ము దాకా వెళ్లి రా."

అందరం పనులాపేశాం. నాయుడు మడమల మీద జరుగుతూ బయల్దేరాడు. "కొత్త పెళ్లికూతురు నయం!" అంది గుండిగలు తోమే రావులమ్మ. జానెడు దూరం వెళ్లాడో లేదో, గుడ్డు జారి పగిలింది.

"అంటార్కిటికాలో అయితే లోపలి పిల్ల పోయినట్టే," అన్నారు మేస్త్రి. "ఆ మంచు తగిలితే నిమిషాల్లో గడ్డకట్టేస్తుంది."

అప్పుడు చెప్పారు అక్కడి చక్రవర్తి పెంగ్విన్ అనే పక్షి సంగతి. ఆడది ఒక్కటే గుడ్డు పెడుతుందట. అప్పటికే చిక్కిపోయి ఉంటుంది కనక, గుడ్డును మగదాని పాదాల మీదకి దొర్లించి మేతకి సముద్రానికి పోతుందట. మగది పొట్ట కింది చర్మాన్ని దుప్పటిలా దానిమీద కప్పి, మడమల మీదా తోక మీదా ఒరిగి నిలబడుతుంది. ఆ తోకే దానికి మూడో కాలు, చూడండి ఎంత ఏర్పాటో! మనిషి ఎముకలు కొరికేసే చలిగాలిలో, రెండు నెలల పైచిలుకు అలాగే. వందల కొద్దీ తండ్రులు ఒకదానికొకటి ఆనుకుని, బయట చలి తిన్నది లోపలికి, లోపల వెచ్చబడ్డది బయటికి, మెల్లగా జరుగుతూనే ఉంటాయట.

"మరి తిండో?" అన్నాడు నాయుడు.

"జతకట్టే రోజుల నుంచీ లెక్కేస్తే, దగ్గర దగ్గర నాలుగు నెలలు ఏమీ తినదు. ఒంట్లో కొవ్వే కరిగించుకుంటుంది. తల్లి రాకముందే పిల్ల బయటపడితే, ఆ ఖాళీ కడుపుతోనే గొంతులోంచి పాలలాంటిది తెచ్చి పడుతుంది. ఈ కళ్లతో చూశాను."

"నాలుగు నెల్లు తిండి నేకుండానా!"

"నీకు మూడు పూటలా ఉంటాదిలే, నాయుడూ," అంది రావులమ్మ.

నాయుడు నవ్వలేదు. బుట్టలోంచి ఇంకో గుడ్డు తనే తీసుకుని పాదాల మీద పెట్టుకున్నాడు. డ్రమ్ము దాకా వెళ్లి వచ్చేసరికి ఉల్లిపాయలు వేగిపోయాయి, వాడి చొక్కా తడిసిపోయింది. గుడ్డు మాత్రం పగల్లేదు. దాన్ని చేత్తో పట్టుకునే ఫోను తీసి, "సుగుణా, పెట్టె సర్దుకో," అన్నాడు. ఫోను పెట్టేసి మేస్త్రి వైపు తిరిగాడు.

"గురువుగారూ, నాకు సేతకాపోతే?"

మేస్త్రి వాడి చేతిలో గుడ్డు తీసుకుని పులుసుకి ఉడికే గుడ్లలో వేశారు.

"మొదటి గుడ్డు ఆ పెంగ్విన్‌కీ కొత్తేరా. పాదాలు దగ్గర పెట్టుకో."