పులి నీళ్ళలోకి వెనక్కి ఎందుకు దిగుతుంది?

ఒకప్పుడు పులికి నీళ్ళంటే పిల్లికున్నంత భయం. మీసం తడిస్తే చాలు, తుమ్ముకుంటూ ఆమడ దూరం పరిగెత్తేది.

ఆ రోజుల్లో నల్లమలలో నేరేడువాగు ఉండేది. మాట గలగల, మనసు వెన్న. ఒకనాడు దుప్పులన్నీ ఆమె ఒడ్డున చేరి గొల్లుమన్నాయి.

"వాగమ్మా, పులి మా పిల్లల్ని తినేస్తోంది. దానికి నీళ్ళివ్వకు. దాహానికి తాళలేక అదే పోతుంది."

వాగు కరిగిపోయింది. పులి తాగడానికి వంగితే నీళ్ళు వెనక్కి లాగేసుకుంది. పులి కొండ దాటి పోయింది.

ఇక దుప్పులది ఆడింది ఆట, పాడింది పాట. ఇదివరకు నాలుగు పరకలు కొరికి, తలెత్తి చూసి, పక్కకు జరిగేవి. ఇప్పుడు పడుకున్నచోటే మేత! నేరేడు మొక్క రెండాకులు తొడిగితే చాలు, నమిలేసేవి. ముసలి చెట్లు కూలిపోయాయి, వాటి చోట నిలవడానికి పిల్లచెట్టు లేదు. వేళ్ళు లేని గట్టు వానకు జారి వాగులోనే పడింది. చేపలు పోయాయి, కొంగలు పోయాయి. మేత లేక దుప్పుల డొక్కలే ఎండాయి. చివరికి వాగుకు ఒక్క మడుగు మిగిలింది.

"కొరివితో తల గోక్కున్నాను కదా!" అని ఏడ్చి, వాగు గాలితో కబురంపింది. "అన్నా, తప్పు నాదే. వచ్చి నన్ను బతికించు."

పులి వచ్చింది. ఎర్రటి ఎండలో బండల మీద నడిచి దాని అరికాళ్ళు బొబ్బలెక్కాయి. అది చూసి వాగు అంది:

"నాకున్నది ఈ మడుగే. ఇందులోకి దిగన్నా."

"నీళ్ళంటే భయం చెల్లీ. పైగా నేనటు తిరిగితే, దుప్పులు ఒడ్డెక్కి మొక్కలు కొరికేస్తాయి."

"అయితే తిరగకు. వెనక్కే దిగు, నేను పట్టుకుంటాను."

పులి తోక ముంచింది. ఒళ్ళు జలదరించింది. నడుము ముంచింది. అబ్బ, ఎంత హాయి! కళ్ళు మాత్రం ఒడ్డు మీదే.

ఆ కళ్ళు చూసి దుప్పులు చెల్లాచెదురయ్యాయి, ఒకచోట నిలిచి మేయడం మానేశాయి. నాలుగు వానాకాలాలకు నేరేళ్ళు నిలువెత్తు లేచాయి. వేళ్ళు గట్టును పట్టుకున్నాయి. చేపలొచ్చాయి, వాటి వెనకే కొంగలొచ్చాయి. దుప్పిపిల్లలకూ కడుపునిండా పచ్చిక దొరికింది.

"నా నీళ్ళు నువ్వు తాగుతున్నావనుకున్నాను అన్నా," అంది వాగు. "నీవల్లే నాకు నీళ్ళున్నాయని తెలుసుకోలేకపోయాను. నా ఒడి ఎప్పటికీ నీదే."

అప్పటినుంచే ఎండలు ముదిరితే పులి వాగు దగ్గరికొచ్చి, వెనక్కి వెనక్కి దిగి, నడుందాకా మునిగి, ఒడ్డుకేసే చూస్తూ కూర్చుంటుంది.