రాజుగారి కషాయం

ఎప్పుడూ మంచులో తేలుతున్నట్టుండే కొండకింద రాజ్యం అది. కడుపుబ్బరంతో మూలుగుతున్న రాజుగారికి వైద్యులు కరక్కాయ కషాయం తాగించారు. ఆ వగరుకూ చేదుకూ ఆయన మొహం వంకర్లు తిరిగింది. "నేనొక్కణ్ణే ఎందుకు తాగాలి? ఊరంతా తాగాల్సిందే! తాగనివాళ్ళు రాజ్యం విడిచి పోవాల్సిందే!" అని చాటింపు వేయించారు.

కోట వాకిట్లో రాజుగారి ఎదుటే మొదటి లోటా గడ్డిమోపులమ్మే నూకాలుకే ఇచ్చారు. ఆమె కడుపులో నిన్నటి గంజి తప్ప ఏమీ లేదు. ఇది కూడా పడితే పేగులు మిగలవనుకుంది.

"ఏలినవారికి ఈ జబ్బు ఏం తింటే వచ్చింది బాబూ?"

"నేతి బొబ్బట్లు, గారెలు, పులిహోర..." రాజుగారు కలలో ఉన్నట్టు కళ్ళు మూసుకుని చెప్పారు.

"జబ్బు లేకుండా మందెలా తాగుతాం? ముందు మాకా జబ్బు తెప్పించండి. గడగడా తాగేస్తాం."

ఊరంతటికీ అవే వండి పెట్టమని రాజుగారు వంటవాళ్ళను పురమాయించారు. వీధివీధినా పొయ్యిలు వెలిగాయి. నేతి వాసన మంచులో కలిసి గడప గడపకూ నడిచొచ్చింది. ఊరు ఊరంతా ఒకే కల కంటున్నట్టు మెల్లగా నమిలింది.

కొన్నాళ్ళకు కషాయం కాగులతో రాజుగారే వచ్చారు. "ఏమే, జబ్బు వచ్చిందా?"

నూకాలు పొట్ట నిమురుకుని దిగులుగా తల అడ్డంగా ఊపింది.

"ఇంకా లేదు బాబూ. మాది తాతల నాటి ఆకలి. అది వదిలితేగానీ ఇది పట్టుకోదు."