కుక్క పుల్లెందుకు తెస్తుంది, పిల్లి మూతెందుకు కడుక్కుంటుంది

ఒకప్పుడు కుక్కలు ఊరికే నోరు తెరిచేవి కావు. తినడానికీ, మొరగడానికీ తప్ప మిగతా వేళంతా మూతి బిగించుకుని కూర్చునేవి. మండుటెండలో పరుగెత్తినా అంతే. నాలుక బయట పెడితే పరువు పోతుందనుకునేవి. నవ్వకండి, మీలోనూ ఉన్నారు అలాంటివాళ్ళు. పళ్ళు చూపించమంటే చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు నాకు తెలుసు.

ఆ కాలంలో ఒక రాళ్ళగుట్ట కింద కెంచవ్వ అనే ముసలామె గొర్రెల్ని మేపుకుంటూ ఉండేది. ఆమె మందకు కాపలా బూడిదగాడు. పేరులోనే ఉంది, బూడిదరంగు కుక్క. గొంగళ్ళు నేయడానికి కెంచవ్వ గొర్రెబొచ్చును గంపల్లో దాచేది. ఆ గంపల్లో ఎలుకలు కాపురం పెట్టకుండా చూసే పని చుక్కిది. చుక్కి అంటే నుదుట తెల్లచుక్క ఉన్న పిల్లి. కుక్కకీ పిల్లికీ పడదంటారు గానీ, వీళ్ళిద్దరూ ఒకే గొంగడి మీద పడుకునేవాళ్ళు.

ముగ్గురిదీ ఒకటే తిండి. రాగిసంగటి, అందులో ఇన్ని గొర్రెపాలు. నమిలే పనే లేదు, నోట్లో పెడితే గొంతులోకి జారిపోతుంది. తిన్నాక కెంచవ్వ నోరు పుక్కిలించేది. పొద్దున్నే వేపపుల్లతో పళ్ళు తోముకునేది. మరి వీళ్ళిద్దరూ? తినడం, పడుకోవడం. అంతే.

అలా ఎన్నాళ్ళు సాగుతుంది? ఉప్పునీళ్ళు కాచే కుండకు గార పట్టినట్టు, బూడిదగాడి పళ్ళకు గార పట్టింది. ముందు పచ్చగా ఉండేది, తర్వాత నల్లబడింది. చిగుళ్ళు వాచి, ఏం తిన్నా రక్తం వచ్చేది. వెనక దవడలో ఒక పన్ను ఊగడం మొదలుపెట్టింది. ఇక ఆ వాసన నేను చెప్పలేను.

మందలో బుడ్డి అని ఒక గొర్రెపిల్ల ఉండేది. దానికి బూడిదగాడంటే ప్రాణం. అది కూడా ఒకరోజు ఉండబట్టలేక అంది, "మామా, ఏమనుకోకు. నువ్వు అటు తిరిగి మాట్లాడు."

బూడిదగాడికి ప్రాణం చివుక్కుమంది. ఆ సాయంత్రం చుక్కి దగ్గరికి పోయి, "చుక్కీ, పన్ను తెగ సలుపుతోందే. కెంచవ్వకు చెప్పేస్తాను," అన్నాడు.

చుక్కికీ ఒక పన్ను పాడైంది. ఎలుకను పట్టినా మెడ పక్కకు వంచి ఒకవైపే నమిలేది. తింటుంటే సగం కిందపడేది. నొప్పితో ఒళ్ళు నాకి శుభ్రం చేసుకోవడం కూడా మానేసింది, వెంట్రుకలు ఉండలు కట్టాయి. కానీ ఎవరికీ చెప్పలేదు.

"పిచ్చిపని చెయ్యకు," అంది చుక్కి. "కెంచవ్వ గొర్రెల నోళ్ళు చూడటం నువ్వు చూడలేదా?"

ఎందుకు చూడలేదు, చాలాసార్లు చూశాడు. గొర్రె వయసు గొర్రె నోట్లో ఉంటుంది. గొర్రెలు మేపేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. గొర్రెల్ని తీసుకుపోయే బండి వచ్చే రోజున కెంచవ్వ దొడ్డి గుమ్మం దగ్గర రాయి మీద కూర్చునేది. ఒక్కో గొర్రెనూ మోకాళ్ళ మధ్య పట్టుకుని, బొటనవేలితో పెదవి పైకెత్తి చూసేది. "పాలపళ్ళే, పో. ఇది రెండు పళ్ళది. ఇది నాలుగు పళ్ళది. దీనికి నోరు నిండింది." ఏదైనా ముసలి గొర్రె వస్తే మాత్రం తల నిమిరి, "రాలిపోయినాయా తల్లీ," అని పక్కన నిలబెట్టేది. పొద్దు వాలేసరికి పక్కన నిలబెట్టిన గొర్రెలన్నీ బండెక్కి పోయేవి. పోయినవి మళ్ళీ వచ్చేవి కావు.

"నోరు చూసిందంటే బండెక్కించినట్టే," అంది చుక్కి. "ఊరుకున్నంత ఉత్తమం లేదు. నోరు మూసుకో."

బూడిదగాడు నోరు మూసుకున్నాడు. వాడికి బండంటే భయం. మంద లేకుండా, బుడ్డి లేకుండా, కెంచవ్వ గొంగడి లేకుండా ఎక్కడ బతకాలి? అంతకంటే ఈ నొప్పే నయం అనుకున్నాడు. మొరిగితే దవడ అదిరిపోతోందని మొరగడం కూడా తగ్గించేశాడు.

గుట్ట మీద తోడేలు చెవులు రిక్కించింది. "ఏంటీ, కింద కుక్క మొరుగు వినబడట్లేదు. చచ్చిందా?" అనుకుంది. చూసి రావడానికి ఒకనాటి సాయంత్రం, మంద ఇంటికి మళ్ళే వేళకు దిగివచ్చింది.

అందరికంటే వెనక గెంతుకుంటూ వచ్చేది ఎవరు? బుడ్డి. తోడేలు పొద చాటునుంచి దూకి దాని వెనకకాలు పట్టుకుంది. బూడిదగాడు దూకాడు. తోడేలు మెడ మీద పన్ను దింపాడు. దింపీ దింపగానే ఆ ఊగే పన్ను నరాల్లోంచి లాగినట్టయింది. వాడి నోరు దానంతటదే వదిలేసింది.

కెంచవ్వ కేకలు పెడుతూ చేతికర్ర విసరబట్టి సరిపోయింది. కర్ర తోడేలు ముక్కు మీద తగిలింది. అది బుడ్డిని వదిలి గుట్టెక్కింది. బుడ్డి కాలు గీరుకుపోయింది గానీ ప్రాణం దక్కింది.

"ఏందిరా ఇది? పట్టినోడివి వదిలేస్తివే?" అంది కెంచవ్వ. బూడిదగాడి మూతి మీద రక్తం కనిపించింది. అది తోడేలు రక్తం కాదు. "నోరు తెరువు."

బూడిదగాడు నాలుగడుగులు వెనక్కి పోయాడు. "వద్దవ్వా. నోరు చూస్తే నన్ను బండెక్కిస్తావు. పళ్ళు పోయినవాళ్ళను పంపించేస్తావు కదా. మిమ్మల్ని వదిలి నేను ఉండలేనవ్వా," అని భోరుమన్నాడు.

కెంచవ్వ అక్కడే నేల మీద చతికిలబడింది. "ఓరి నా పిచ్చినాయనా. ఆ బండి యాడికి పోతుందో ఎప్పుడన్నా ఎనకమాల పోయి చూసినావా? మా చెల్లెలి ఊరికి పోతుంది. ఆడ కాలవ గట్టున గడ్డి లేతగా ఉంటుంది. పళ్ళు లేని ముసల్ది ఈ గుట్ట మీద ఏం తింటుంది, రాళ్ళు తింటుందా?"

బూడిదగాడు ఏడుపు ఆపి చూశాడు.

"పళ్ళు చూసేది తరిమేసేదానికి కాదురా. ఎవరికి ఏ కూడు పెట్టాలో తెలుసుకునేదానికి," అంది కెంచవ్వ.

అప్పుడు బూడిదగాడు నోరు తెరిచాడు. బారెడు తెరిచాడు. కెంచవ్వ వాసన చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇంత కంపుకు కూడా మంద నిన్ను వదిలి పోలేదంటే మన గొర్రెలు దేవతలురా," అంది.

పెదవి ఒకవైపు ఎత్తి చూసింది, రెండోవైపు ఎత్తి చూసింది. చిగుళ్ళు నొక్కింది. ఒక్కో పన్నునూ గోటితో తట్టింది. "ఇది గట్టిదే. ఇదీ గట్టిదే. దీనికి గార ఒకటే. ఇదిగో, దొంగ ఈడున్నాడు." ఊగే పంటికి గొర్రెబొచ్చు దారం కట్టి ఒక్క లాగు లాగింది. బూడిదగాడు పెట్టిన కేకకు గుట్ట మారుపలికింది. తర్వాత గోరువెచ్చని ఉప్పునీళ్ళతో నోరు కడిగింది. వేపపుల్ల నమిలి మెత్తగా చేసి, మిగతా పళ్ళన్నీ నెమ్మదిగా తోమింది.

మర్నాడు పొద్దున కెంచవ్వ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా బూడిదగాడు. నోట్లో పుల్ల కరుచుకుని, తోక ఊపుకుంటూ కూర్చుని ఉన్నాడు. "రా దొరా," అని ఆమె తోమింది. అది రోజువారీ పనైపోయింది. వాపు తగ్గింది, వాసన పోయింది, మొరుగు తిరిగొచ్చింది. తోడేలు మరోసారి దిగబోయి, ఆ మొరుగు విని సగం దారిలోనే వెనక్కి తిరిగింది. ఆ రాత్రినుంచి బుడ్డి బూడిదగాడి మూతి పక్కనే ముడుచుకుని పడుకునేది.

మరి చుక్కి? గోడమీదినుంచి అంతా చూసింది. ఆ దారం చూసింది, ఆ కేక విన్నది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందని దాని భయం.

"చుక్కీ, నీ నోరెట్లుంది?" అని అడిగింది కెంచవ్వ.

"నాకేమవ్వా, ముత్యాల్లాంటి పళ్ళు," అని చుక్కి గబగబా పంజాతో మూతి కడుక్కోవడం మొదలుపెట్టింది. మూతికి చెయ్యి అడ్డం ఉంటే ఎవరు చూస్తారు?

కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి తననెవరూ చూడట్లేదనుకుంటుందట. కెంచవ్వ అంతా చూస్తూనే ఉంది. ఒకవైపే నమలడం చూసింది, కిందపడే మెతుకులు చూసింది, ఉండలు కట్టిన వెంట్రుకలు చూసింది. సమయం కోసం కాచుకుంది. ఒక మధ్యాహ్నం ఆమె బొచ్చు వడుకుతుంటే చుక్కి ఒళ్ళోకి వచ్చి గురుగురుమంటూ నిద్రపోయింది. కెంచవ్వ మెల్లగా బొటనవేలితో పెదవి ఎత్తింది. పాడైన పన్ను పూర్తిగా వదులైపోయి ఉంది. దారం వేసింది, లాగింది.

"ఏమైంది?" అని చుక్కి ఉలిక్కిపడి లేచింది.

"కల వచ్చినట్టుంది, పడుకో," అంది కెంచవ్వ.

చుక్కి మూతి కడుక్కుని మళ్ళీ పడుకుంది. నాలుగు రోజులకు రెండువైపులా నమిలి తిన్నది, ఒళ్ళంతా తళతళలాడేలా నాక్కుంది. పన్ను నొప్పి ఉండేదని మాత్రం చచ్చేదాకా ఒప్పుకోలేదు.

అప్పటినుంచే పిల్లి తన నొప్పి చెప్పదు. మనం చూస్తున్నామనిపిస్తే చాలు, మూతి కడుక్కుంటూ కూర్చుంటుంది. అందుకే పిల్లిని పెంచేవాళ్ళు అది చెప్పేదాకా ఆగకూడదు, వాళ్ళే పెదవి ఎత్తి చూసుకోవాలి.

అప్పటినుంచే కుక్క మనిషి కనబడగానే నోరు తెరిచి నాలుక వేలాడేస్తుంది, చూడమని. ఎక్కడ పుల్ల కనిపించినా కరుచుకొచ్చి మన కాళ్ళ దగ్గర పెడుతుంది. మీరేమో ఆటకు పిలుస్తోందనుకుని దాన్ని దూరంగా విసిరేస్తారు. అది పాపం, మీకు సరిగ్గా అర్థం కాలేదేమోనని, పరుగెత్తుకెళ్ళి మళ్ళీ తెస్తుంది.